గోవిందస్వామి తలకిందుల రైలు

పుత్తూరులో కట్టు కట్టే గోవిందస్వామి, చెయ్యి విరిగినోడికైనా కాలు బెణికినోడికైనా ముందు రోలర్ కోస్టర్ చరిత్ర చెప్తాడు. "యాడ పడినావప్పా?" అని అడగడు. "రైలు తలకిందులైనా మనిషి ఎందుకు పడడో తెలుసునా?" అంటాడు. మూలుగుతా వచ్చినోడు ఏం చెప్తాడు, పాపం.

"నూటముప్పై ఏండ్ల కింద అమెరికావోళ్లు రైలు పట్టాను గాజు మాదిరి గుండ్రంగా చుట్టినారబ్బా. ఎక్కినోళ్లకి మెడలు పట్టేసినాయి. మన కాడికొచ్చుంటే సరిచేసి పంపుదుము. వాళ్లేమో దాన్ని అటకెక్కించినారు." ఆ తర్వాత కట్టుకని పెట్టుకున్న కోడిగుడ్డు తీసి, సన్నకొన పైకి పెట్టి చూపిస్తాడు. "పంతొమ్మిదివందల డెబ్బైల్లో తెలివొచ్చింది. ఇట్ల వంచినారు. మెడలు బతికినాయి." ఆ గుడ్డునే పగలగొట్టి తెల్లసొన కట్టుకి పూస్తాడు. చరిత్రా వైద్యమూ ఒక్క గుడ్డుతో సరి.

నా భుజం జారినప్పుడు నేనూ విన్నాను. "బండి పైకి పోతా ఉండాది సామీ... ఇప్పుడు తల కిందికి" అన్నాడు. నేను నోరు తెరిచి వింటా ఉంటే లటుక్కున చెయ్యి లాగి కీలు కూర్చోబెట్టినాడు. కోవెల్లో, ఇంట్లో ఈ కథ చెప్పి అందరినీ నవ్వించినాను.

ఆ కథ మొన్న నా మెడకే చుట్టుకుంది. మా పాప వేదిక సైకిల్ మీంచి పడింది. ఎక్స్‌రేలో ఎముక బాగానే ఉండాది, మణికట్టు కీలు తప్పింది. వాపు ఎక్కేలోగా కీలు కూర్చోబెట్టాలని గోవిందస్వామి కాడికి తీసుకొచ్చినాను. పాపేమో ఎవరినీ ముట్టనియ్యదు. తోడొచ్చిన మా అమ్మ కుముదవల్లి గుడ్డును చూడగానే, అది ముట్టని మా ఇంటి ఆచారం గుర్తొచ్చి గోడవైపు తిరిగింది.

"బండి తలకిందులైనప్పుడే లాగుతావంట. మా నాయన చెప్పినాడు. నేను ఎక్కను" అనింది వేదిక, చెయ్యి గుండెకి అదుముకొని.

గోవిందస్వామి నా పక్క ఒక చూపు చూసినాడు. నా నోటిదురద మీద నాకే కోపమొచ్చింది.

"ఎక్కొద్దులేమ్మా. మనం కింద నిలబడి సూద్దాం. మీ నాయన్ని ఎక్కిద్దాం. బెల్టు పెట్టుకున్నాడా?"

"ఊ."

"బండి పైకి పోతా ఉండాది. ఏమంటా ఉండాడు?"

"గోవిందా గోవిందా అంటా ఉండాడు." పెదవి కొంచెం కదిలింది. చెయ్యి కూడా ఆయన ఒళ్లోకి వచ్చింది.

"ఇంగ తలకిందులు కాబోతాడు. అవునుగానీ పాపా, ఆయన కట్టింది పంచె కదా. అది యాడుంటాది?"

వేదిక పకపకా నవ్వింది. ఆ నవ్వులోనే కీలు టక్కుమనింది. నవ్వు "అమ్మా" అయి, మళ్లీ నవ్వైంది. గోడవైపు తిరిగిన మా అమ్మ భుజాలు కూడా ఊగుతా ఉండాయి.

కట్టు కడతా ఉంటే అడిగినాను, "ఈ పిచ్చి యాడ పట్టింది నీకు?"

"మద్రాసులో పన్నునొప్పితో ఇట్లాంటి బండెక్కినాను సామీ. తల కిందికి పోయినంతసేపూ పన్ను గుర్తే రాలా. మన కాడికొచ్చేటోళ్లకి కూడా ఆ ఒక్క చిటికెసేపు దొరికితే చాలనుకున్నా."

కట్టు అయిపోయినా వేదిక లేవలేదు. "మిగతా కథ?" అనింది. బయట జనం కాచుకొని ఉన్నా ఆయన మళ్లీ కూర్చున్నాడు.

"ఇంగ్లండులో పద్నాలుగు సార్లు తలకిందులయ్యే బండి ఉండాదమ్మా."

"దాంట్లోనూ నాయన్నే ఎక్కిద్దాం తాతా."

నేను లేచి పంచె బిగించుకున్నాను.