కడిగితే బయటపడ్డ పగులు

వారానికి ఒక్క శుక్రవారమే మాకు సెలవు. ఆ శుక్రవారాన్ని కూడా ముదీర్, అంటే మా మేనేజరు, లాగేసుకున్నాడు.

గురువారం సాయంత్రం రువైస్ నుంచి ఖాళీ లారీతో వచ్చి, అల్ ఖూజ్‌లో మా గదుల ముందు ఆపేసరికి ఆయన నిలబడి ఉన్నాడు. శనివారం లారీ పాసింగ్‌కు వెళ్ళాలట. ఏడాదికోసారి బండిని ట్రాఫిక్ వాళ్ళకు చూపించి కాగితాలు కొత్తవి చేయించుకోవాలి, దాన్నే పాసింగ్ అనేవాళ్ళం. గ్యారేజీ నుంచి ప్రెషర్ మిషన్ తెప్పించాననీ, రేపు సాయంత్రానికల్లా తిరిగి పంపెయ్యాలనీ హిందీలో చెప్పి పికప్ ఎక్కి వెళ్ళిపోయాడు. ఆ మిషన్ ఎలా నడపాలో నాకు తెలుసా లేదా అని అడగలేదు.

అవి నేను గల్ఫ్‌లో ఉన్న ఎనభైల మొదటి సంవత్సరాలు. ఇల్లు అంటే మాకు ప్లైవుడ్ గదుల వరుస, దాని ముందు ఇసుక మైదానం. లారీలూ అక్కడే, మేమూ అక్కడే. కిటికీ తీస్తే నా బండి బంపర్ కనిపించేది. సిమెంటు బస్తాలూ ఇనుప చువ్వలూ రువైస్‌లో కట్టే పనులకు చేరవెయ్యడం నా పని. సైటు దగ్గర రోడ్డు దిగితే అంతా తడి ఉప్పునేల. ఆ బురద బండి అడుగున అంటుకుని, దానిమీద సిమెంటు దుమ్ము పడి, ఎండకు రాయిలా గట్టిపడేది. గడ్డపారతో కొట్టినా ఊడేది కాదు.

తెల్లారగానే మొదలుపెట్టాను. మిషన్‌కు రెండు చక్రాలు, ఒక పెట్రోల్ ఇంజను, పొడుగాటి పైపు, చివర తుపాకీలాంటి గొట్టం. తాడు లాగితే ఇంజను రెండుసార్లు దగ్గి ఆగిపోయేది. ఇరవైసార్లు లాగాక పట్టుకుంది. మీట నొక్కగానే గొట్టం వెనక్కి తన్ని నా భుజాన్ని గుద్దింది. నీళ్ళు బండి పక్కకు తగిలి, సిమెంటు పెచ్చులతో సహా నా ముఖానే కొట్టాయి. కళ్ళు మండిపోయాయి. పది నిమిషాలు నడిచిందో లేదో, అది నీళ్ళు తోడుకునే డ్రమ్ములోని ఇసుక పైపు జాలీకి అడ్డంపడి ఆగిపోయింది. విప్పి, కడిగి, బిగించి, మళ్ళీ తాడు లాగాను. మళ్ళీ పది నిమిషాలు. మళ్ళీ ఇసుక. గొట్టాన్ని విసిరి కొట్టాలనిపించింది. తలుపుమీద ఒక మరక పోవడంలేదని గొట్టం బాగా దగ్గరగా పెట్టాను. మరకతో పాటు రంగూ లేచింది, కంపెనీ పేరులో సగం అక్షరాలూ లేచిపోయాయి. తడి చేత్తో ఆ చోటు తుడుస్తూ కాసేపు అలాగే నిలబడ్డాను, తుడిస్తే అక్షరాలు తిరిగి వస్తాయన్నట్టు.

పదిన్నరకు మా వంటాయన గరిట పట్టుకుని బయటికొచ్చాడు. ఆయనది కడప వైపు, నాకంటే ఇరవై ఏళ్ళు పెద్ద. నలభై మందికి రెండు పూటలా వండేవాడు. అందరం చాచా అని పిలిచేవాళ్ళం.

"ఏమప్పా, ట్యాంకీలో చుక్క లేకుండా చేసినావే! జుమ్మాకు పోవల్ల, వజూ యాడ చేసుకోవల్ల? నీ లారీ టైర్ల కాడనా?"

శుక్రవారం నమాజుకు ముందు చేతులూ ముఖమూ కాళ్ళూ కడుక్కోవడమే వజూ. అప్పుడు తెలిసింది. నేను డ్రమ్ము నింపుకుంటున్నది గదులన్నిటికీ ఉన్న ఒకే ఒక్క ట్యాంకులోంచి. నీళ్ళబండి మళ్ళీ వచ్చేది శనివారమే. స్నానాలకని తువ్వాళ్ళు భుజాన వేసుకున్నవాళ్ళు పదిమంది నల్లాల దగ్గర నిలబడి నావైపే చూస్తున్నారు.

"చాచా, గిది నా ఇష్టమా? ముదీర్ కడుగుమన్నడు, కడుగుతున్న. నీళ్ళు గింతనే ఉన్నయని నాకేం దెల్సు?"

"ముదీర్ చెప్పినాడని నలభై మంది నోట్లో మన్ను కొడతావా? బియ్యం దేంతో కడగల్ల నేను?"

"ఇగ నన్నేం జెయ్యమంటవ్? బండి అడుగు ఇంకా మొత్తం ఉన్నది. రేపు ఆయనకు జవాబు నువ్వు జెప్తవా?"

నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. తండ్రి వయసున్న మనిషిమీద అలా అరవడం తప్పని తెలుస్తూనే ఉంది, ఆగలేకపోయాను. చాచా వెనక్కి తిరిగాడు. లోపలికి వెళ్ళి రెండు పెద్ద గిన్నెలు తెచ్చుకున్నాడు. అప్పటికి డ్రమ్ములో సగం నీళ్ళున్నాయి. "తీస్కో" అన్నాను, ముఖం తిప్పుకుని.

డ్రమ్ము వెనక చక్రం పక్కన ఉంది. నేను అప్పుడే కాస్త నీళ్ళు కొట్టి వదిలేసిన చోటు అది. చాచా గిన్నె ముంచడానికి వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు.

"రేయ్, ఇట్రా. ఆ ఇనుము చూడు, నోరు తెరుచుకోనుండాది."

నేను బండి కిందికి దూరాను. బండి బరువు మోసే వెనక కమాన్‌పట్టీ బిగించే చోట, ఛాసిస్ దూలానికి కింది అంచు నుంచి పైకి పగులు పాకింది. గోరు పెడితే లోపలికి దిగింది. లోపలంతా ఎర్రటి తుప్పు. అంటే ఇది నిన్నటిది కాదు. ఎన్ని నెలలుగానో బురద దాన్ని కప్పి ఉంచింది, ఆ పైన నేను బస్తాలు నింపుకుని వందల మైళ్ళు తోలాను. బండి కిందే వెల్లకిలా పడుకుని ఉండిపోయాను. భయం తర్వాత వచ్చింది. ముందు వచ్చింది కోపమే. ఎవరిమీదో కూడా తెలియని కోపం.

శనివారం పొద్దున్నే ముదీర్ వచ్చాడు. ఆయన చూపు తిన్నగా తలుపుమీదికి పోయింది. కంపెనీ పేరు చెడగొట్టావని పది నిమిషాలు తిట్టాడు. తిట్టనిచ్చి, ఆయన్ని వెనక్కి తీసుకెళ్ళి పగులు చూపించాను. వంగి చూశాడు. లేచి ప్యాంటుకు అంటిన ఇసుక దులుపుకున్నాడు.

"ధోనే కో బోలా థా. నీచే దేఖ్‌నే కో కౌన్ బోలా?"

కడగమన్నాను గానీ కింద చూడమని ఎవరన్నారట! పగులుమీద నల్లరంగు పూసి పాసింగ్‌కు తీసుకెళ్ళమన్నాడు. లోడుతో ఈ బండి తోలనని చెప్పాను. నా పాస్‌పోర్ట్ ఎవరి దగ్గరుందో గుర్తుచేశాడు. గుర్తుంది, అయినా తోలనన్నాను. తాళంచెవి నా చేతిలోంచి లాక్కుని, మర్నాటి నుంచి పార పట్టుకుని మా గదులకు దగ్గర్లోని సైటుకు పొమ్మన్నాడు. డ్రైవర్‌గా వచ్చినవాణ్ణి కంకర ఎత్తుతున్నానని ఇంటికి రాయలేక, ఆ వారం ఉత్తరమే రాయలేదు.

తాళంచెవి ఇంకొకరికి ఇస్తాడనే అనుకున్నాను. ఇవ్వబోయాడు కూడా. ఎవరూ తీసుకోలేదు. ఎందుకంటే చాచా అప్పటికే ప్రతి డ్రైవర్ పళ్ళెంలో అన్నం పెడుతూ ఆ మాట చెప్పేశాడు. "ఆ బండి జోలికి పోవద్దప్పా, నేను కండ్లారా చూసినా" అని. నాతో మాత్రం ఆ శుక్రవారం నుంచి ఒక్క మాట లేదు. నా పళ్ళెంలో కూర వేసేవాడు, పక్కవాడికి జరిగిపోయేవాడు.

బండి తొమ్మిది రోజులు కదలకుండా నిలబడింది. రువైస్ నుంచి సిమెంటు ఏదని ఫోన్లు వచ్చాయి కాబోలు, పదోరోజు వెల్డింగ్ వాళ్ళు వచ్చారు. దూలానికి రెండు వైపులా లావుపాటి ఇనుప పలకలు వేసి బోల్టులు బిగించారు. పాసింగ్ అయిపోయింది. ఆ మర్నాడు ముదీర్ నేను కంకర ఎత్తే చోటికే వచ్చి తాళంచెవి చేతిలో పెట్టాడు.

"యల్లా, రువైస్."

అంతే. పద రువైస్‌కు అన్నాడు గానీ, నువ్వు చెప్పింది నిజమేనని అనలేదు. పార కింద పడేసి వెళ్ళాను. సంతోషంగా వెళ్ళానని చెప్పలేను. తిరిగొచ్చాక భోజనం దగ్గర చాచాతో, "ఆ దినం నేను మర్యాద తప్పిన చాచా" అన్నాను.

"తప్పినావ్" అన్నాడాయన. అని, ఇంకో గరిటెడు అన్నం వేశాడు.

ఆ బండి ఇంకో రెండేళ్ళు నా చేతిలోనే ఉంది. రువైస్ దారిలో సగందూరం పోయాక ప్రతిసారీ రోడ్డు పక్కన ఆపి, కిందికి దూరి, ఆ పలకల చుట్టూ వేలితో తడిమి చూసేవాణ్ణి. ఏమీ ఉండేది కాదు. ఉప్పు బురద మాత్రం మళ్ళీ పేరుకునేది. దాన్ని గోకి తీసేసి, చేతులు లుంగీకి తుడుచుకుని, తిట్టుకుంటూ బండెక్కేవాణ్ణి.