"మేకు నాదే" అన్న మనిషి

గుర్రాలకు లాడాలు కొట్టే పెద్దాయన పోయారని మొన్న ఆదివారం పొద్దున ఫోన్ వచ్చింది. చేసింది అమీర్‌పేటలో పెళ్ళిళ్ళకు గుర్రాన్ని అద్దెకిచ్చే మనిషి.

"మేడం, పెద్దాయన పోయిండు. మూడు దినాల సంది జ్వరం. దవఖానకు పోదామంటే రాలే. అందర్ని తిట్టుకుంటనే పోయిండు."

"నన్ను కూడా తిట్టారా?" అని అడిగాను.

"మిమ్మల్ని సుత" అన్నాడు.

నాకు ఏడుపు రాలేదు. నిజం చెప్పాలంటే ముందు కోపమే వచ్చింది. ఆయనకు నేనంటే పడదు. నాకూ ఆయనంటే పడేది కాదు. నాలుగేళ్ళ పరిచయంలో ఒక్కసారి కూడా నవ్వుతూ మాట్లాడుకున్నది లేదు. అయినా నాకు పని నేర్పినవాళ్ళ గురించి రాయమంటే ముందు ఆయన గురించే రాయాలి.

ఆయనది బోరబండ. అరవై దాటి ఉంటాయి. సుత్తి, పట్కారు, గిట్టలు చెక్కే వంకర కత్తి ఎరువుల సంచిలో చుట్టుకుని సిటీబస్సులో తిరిగేవారు. సంచి అడ్డం తియ్యమంటే కండక్టరుతో పోట్లాట. ఎవరింటికి పనికి వెళ్ళినా వాళ్ళిచ్చే చాయ్ తాగేవారు కాదు. ఏ గుర్రాన్నీ పేరు పెట్టి పిలిచేవారు కాదు. "పేరు పెట్టుకునేది మన ఖుషీకి. దానికేం ఫికర్" అనేవారు. గిట్ట చెక్కగానే ఆ ముక్కను ముక్కు దగ్గర పెట్టుకుని, మా అమ్మ పచ్చడి జాడీ మూత తీసి చూసినట్టు, వాసన చూసేవారు.

మా తగాదా మొదలైన నాటికి నేను పంజగుట్టలో ఒక చిన్న పశువైద్యశాలలో కొత్తగా చేరాను. పేరుకు పశువైద్యశాలే గానీ, కొత్తగా సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలొచ్చినవాళ్ళు కొనుక్కున్న బొచ్చుకుక్కలకు టీకాలు వేయడమే పని. గుర్రాలను కాలేజీలో చూశానంతే. ఒక మధ్యాహ్నం, మొన్న ఫోన్ చేసిన ఆ గుర్రం యజమానే వచ్చి, తన ఆడగుర్రం ముందు ఎడమకాలు నేల మీద ఆనించడం లేదన్నాడు. నాకు గుర్రాల పని రాదని చెప్పి పంపేయాల్సింది. చెప్పలేదు.

మైత్రీవనం వెనక సందుల్లో, రెండు హాస్టళ్ళ మధ్య మిగిలిపోయిన ఖాళీ ప్లాటులో దాన్ని కట్టేవాడు. ఎప్పుడో ఒక బరాత్‌లో కాళ్ళ దగ్గరే పటాకులు పేలాయట. అప్పటి నుంచి మనిషి చెయ్యి లేస్తే చాలు, బెదిరిపోయేది. బెదిరితే కరిచేది. నేను వెళ్ళేసరికి బాల్కనీల్లో కోచింగ్ కుర్రాళ్ళు వరసగా నిలబడి ఈలలు వేస్తున్నారు. గుర్రం కాలు గిట్ట పైభాగమంతా వాచి ఉంది. గిట్ట ఎత్తి చూడబోతే నా భుజం కొరికింది. పైనుంచి నవ్వులు. ఇంక నేను దాని కాలు ముట్టుకోలేదు. నరం బెణికిందని తేల్చేసి, నొప్పికి ఒక సూది వేసి, వారం రోజులు కదపొద్దని చెప్పి వచ్చేశాను.

మూడో రోజు మళ్ళీ కబురొచ్చింది. వెళ్ళేసరికి గుర్రం మూడు కాళ్ళ మీద వణుకుతోంది. మేత ముట్టడం లేదు. హాస్టల్ మేనేజరు గేటు దగ్గర అరుస్తున్నాడు. నన్ను చూసి గొంతు మార్చాడు.

"మీరు మా వైపు వాళ్ళే కదండీ, మీరైనా చెప్పండి. పిల్లలు ఇక్కడ చదువుకోవాలా, ఈ కంపు పీల్చాలా? శుక్రవారం లోగా ఇది కదలకపోతే మున్సిపాలిటీ బండి పిలిపిస్తాను."

యజమాని విసిగిపోయి ఉన్నాడు. "కుంటి గుర్రాన్ని పెండ్లికి ఎవడు పిలుస్తడు మేడం? ఎవడడిగితే వానికి అమ్మేస్త. తీస్కపోయి ఏం చేస్కుంటడో నేనడగ."

గుర్రానికి అవతల, దానికి లాడాలు కొట్టే ముసలాయన గొంతుక్కూర్చుని గిట్టనే చూస్తున్నారు. తల ఎత్తకుండానే అడిగారు.

"ఎవరు చూసిండ్రు దీన్ని?"

"నేనే."

"కుక్కల డాక్టరమ్మవు గదా. నరం అన్నవంట. గిట్ట ఎత్తి చూసినవా?"

"ఎత్తనిస్తే కదా!"

"అది ఎత్తనియ్యలే, నువ్వు ఎత్తలే. గంతేనా?"

అంతమంది ముందు నా మొహం మండిపోయింది. "గిట్టలోనే ఏమైనా ఉంటే, ఆ లాడం కొట్టిందెవరు? మీరే కదా? మీ మేకే లోపల దిగిందేమో చూసుకోండి" అన్నాను. అది నిజమని నాకేమీ తెలియదు. ఆయన్ని పొడవాలని అన్నాను, అంతే.

ఆయన లేచి నిలబడ్డారు. "నలభై ఏండ్ల సంది కొడుతున్న" అన్నారు.

తాళ్ళతో కాళ్ళు కట్టి పడేద్దామన్నాడు యజమాని. "పడేస్తే కాలిరుగుతది. ముందు నీ నోరు కట్టుకో" అన్నారు ఆయన. మేనేజరుని గేటు బయటకు పొమ్మన్నారు. ఆ తర్వాత చాలాసేపు ఏ పనీ చేయలేదు. గుర్రం భుజానికి తన భుజం ఆనించి, తోక వైపు తిరిగి నిలబడి, సన్నగా తిడుతూ ఉండిపోయారు. "సిగ్గులేనిదానా. ఎవరిమీద నీ కోపం? నేనేమన్న పటాకులు కాల్చిన్నా?" తిట్టు తిట్టులా లేదు, జోలపాటలా ఉంది. ఆయన చెయ్యి గుర్రం భుజం నుంచి మోకాలికి, మోకాలి నుంచి కిందికి జారుతోంది. గుర్రం ఆయన ముంజేయి పట్టి కరిచింది. ఆయన చెయ్యి లాక్కోలేదు. అదే వదిలేసింది. అప్పుడు గిట్ట అంగుళం లేపి, వెంటనే దించేశారు. మళ్ళీ లేపి, దించారు.

"అది గుంజుకోకముందే మనం ఇడవాలె" అన్నారు. మొట్టమొదటిసారి నన్ను తిట్టకుండా అన్న మాట అది. "గుంజుకొని గెలిచిందనుకో, ఇంక జన్మల ఇయ్యదు."

గంట పట్టింది, ఆ గిట్ట ఆయన మోకాళ్ళ మధ్యకు రావడానికి. లాడం మేకులు ఒక్కొక్కటే పట్కారుతో లాగి, వాసన చూసి పక్కన పెడుతున్నారు. నాలుగోది లాగి, ఆగిపోయారు. అది తడిగా, నల్లగా ఉంది. నా చేతికిచ్చారు. కుళ్ళు వాసన. ఆయన కత్తి తీసుకుని ఆ మేకు దారి వెంట కొంచెం కొంచెంగా చెక్కారు. ఒక్కసారిగా నల్లటి చీము చిమ్మింది. గుర్రం పొట్ట లోపలి నుంచి పెద్దగా ఊపిరి వదిలి, తల వాల్చేసింది.

ఆయన గిట్టను మెల్లగా దించి, నడుము నిటారుగా చేసుకుని, బాల్కనీలకు కూడా వినపడేట్టు అన్నారు.

"మేకు నాదే. లోపటికి మలిగింది, నేను చూస్కోలే. తప్పు నాది."

యజమాని ఆయన మీద విరుచుకుపడ్డాడు. "నలభై ఏండ్ల పని గిదేనా పెద్దాయనా?" గేటు బయట నుంచి మేనేజరు అందుకున్నాడు. "మా డాక్టరమ్మగారు ముందే చెప్పలేదూ, మేకని!"

అప్పుడు నేనొక మాట అనాల్సింది. గిట్ట ఎత్తకుండానే నరమని చెప్పాను, ఆ మూడు రోజుల నరకం నా వల్లే అని. నేను తల వంచుకుని ధనుర్వాతం రాకుండా వేసే మందు సూదిలోకి ఎక్కించుకుంటున్నాను. ఆయన నా వైపు ఒక్కసారి చూశారు. సూది వేసేటప్పుడు గుర్రం మెడ పట్టుకుని నిలబడ్డారు.

ఆ తర్వాత రెండు వారాలు రోజూ పొద్దున్నే బోరబండ నుంచి బస్సులో వచ్చేవారు. వేడినీళ్ళలో ఉప్పు కలిపి గిట్టను నానబెట్టి, శుభ్రం చేసి, మందు పెట్టి, గోనెపట్టా చుట్టి కట్టేవారు. నేను మందు సూదికి వెళ్ళేదాన్ని. "సూది నీ పని, గిట్ట నా పని" అని గీత గీశారు గానీ, రోజూ ఒకసారి నా చేత గిట్ట ఎత్తించేవారు. ఎత్తడం ఆలస్యమైతే తిట్టు, దించడం ఆలస్యమైతే ఇంకో తిట్టు. "తొందరుంటే పో, నీ కుక్కలు ఎదురు చూస్తున్నయ్" అనేవారు. వారం తిరిగేసరికి ఆ గుర్రం నన్ను కరవడం మానేసింది. ఆయన మానలేదు.

శుక్రవారం మేనేజరు అన్నట్టే వచ్చాడు. పెద్దాయన గోనెపట్టా కడుతూ, "నడిచినంక తీస్కపోతం. నడవలేని దాన్ని ఎల్లగొట్టాలంటే ముందుగాల నన్ను ఎల్లగొట్టు" అన్నారు. మేనేజరు గొణుక్కుంటూ వెళ్ళిపోయాడు. బండి రాలేదు. గుర్రం కోలుకుంది. చెవుల్లో దూది పెట్టించుకుని మళ్ళీ పెళ్ళిళ్ళకు వెళ్ళింది.

కానీ జరిగిన కథ గుర్రాలవాళ్ళ మధ్య పాకింది. పెద్దాయన చెయ్యి తప్పుతోందని కొందరు ఆయన్ని పిలవడం మానేశారు. మేకు సంగతి ముందే కనిపెట్టిన డాక్టరని నా దగ్గరికి గుర్రాలు రావడం మొదలైంది. రెండూ నా చెవిన పడుతూనే ఉన్నాయి. ఆ కబుర్లను నేను సరిదిద్దలేదు. ఎక్కడైనా ఎదురైతే ఆయన మొహం తిప్పుకునేవారు. నేను దాన్ని పొగరనుకుని, నేనూ తిప్పుకునేదాన్ని. అలా అనుకుంటే నాకు హాయిగా ఉండేది.

పోయిన వానాకాలం పంజగుట్ట చౌరస్తాలో, రోడ్డు పనుల బురదలో స్కూటర్ మీద ఇరుక్కుని ఉన్నాను. పక్కనే ఆయన, నెత్తిన సంచి పెట్టుకుని తడుస్తూ నిలబడి ఉన్నారు. "ఎక్కండి, దించేస్తాను" అన్నాను.

"నీ బండి నడుపుడు మీద నాకు నమ్మకం లేదు."

ఎందుకో తెలియదు, ఆ హారన్ల మధ్య నా నోట్లోంచి వచ్చేసింది. "ఆ రోజు నాది కూడా తప్పేనండీ. గిట్ట చూడకుండానే నరమని చెప్పాను."

"ఎరికె" అన్నారు. "గప్పుడే ఎరికె."

"మరి అందరి ముందూ ఎందుకు అనలేదు?"

ఆయన నన్ను నిజంగా అసహ్యంగా చూశారు. "నీ తప్పు నేనెందుకు చెప్తా? అది నువ్వు చెప్పుకోవాలె."

అని, సిగ్నల్ పడకుండానే రోడ్డు మీదికి దిగారు. అటూ ఇటూ చూడలేదు. ఒక అరచెయ్యి మాత్రం పైకెత్తి, తొందర లేకుండా నడిచారు. ఆఫీసు క్యాబ్‌లు ఒకదాని వెనక ఒకటి కీచుమంటూ ఆగాయి. ఒక డ్రైవరు తల బయటపెట్టి బూతు తిట్టాడు. ఆయన అంతకంటే పెద్ద బూతు తిట్టారు. అవతలి ఒడ్డుకు చేరాక ఆ చెయ్యి దించి, సంచి సర్దుకుని, వానలో బస్టాపు వైపు వెళ్ళిపోయారు. ఒక్కసారి కూడా వెనక్కి చూడలేదు.