తెగని నల్లపూసలు

ఇబ్రహీంపట్నం బస్టాండు దగ్గర నాదొక చిన్న పూసల దుకాణం. ఆ పొద్దున అక్క కొంగున ఏదో ముడేసుకుని వచ్చింది. విప్పితే ఆమె నల్లపూసలు. బావ దవాఖానలో ఉన్నాడు. మంచం మీదికి వంగినప్పుడు దారం తెగి పూసలన్నీ నేలపాలయ్యాయట. తెగాయని నోటితో అనకూడదు కదా, "పెరిగినయ్ చెల్లె" అంది.

నల్లపూసలకు నేనెప్పుడూ మైనం రాసిన నూలుదారమే వాడతాను. ఒంటికి మెత్తగా ఉంటుంది. చివర ముడేసి, కొసను పక్క పూసలోకి దూర్చేస్తే గుచ్చుకోదు. అదే తీశాను. అక్క నా చెయ్యి పట్టుకుంది.

"దారం వద్దే. తెగనిది ఏమన్నుంటే దాంతోని గుచ్చు."

"స్టీలు తీగ ఉంది గానీ, అది రాళ్ల దండలకు అక్కా. మెడ గీసుకపోతది."

"పోనీ తియ్. ఆయన ఇంటికొచ్చేదాంక ఇవి నా మెడల ఉండాలె."

తీగకే గుచ్చాను. కొక్కెం కూడా వద్దంది, ఊడిపోతుందని భయం. రెండు కొసలూ ఒక ఇత్తడి పూసలో ఎదురెదురుగా దూర్చి, పటకారుతో గట్టిగా నొక్కేశాను. లాగి చూపిస్తే, అన్ని రోజులకు కొంచెం నవ్వింది నా తల్లి.

బావ ఇంటికొచ్చాడు. శవమై వచ్చాడు.

మొగుడు పోయినామె నల్లపూసలు తెంపెయ్యడం మా దగ్గరి ఆనవాయితీ. దినాల నాడు ఇంటి పెద్ద ఆడవాళ్లు అక్కను వాకిట్లో కూర్చోబెట్టి గుంజారు. నూలైతే ఒక్క గుంజుకు పోయేది. తీగ తెగలేదు. మళ్లీ గుంజారు. అక్క మెడ మీద ఎర్రటి గీత పడింది. నాకు ఒళ్లు మండిపోయింది.

"ఇగ ఆపుతరా? మెడ తెంపుతరా ఏంది! జరుగున్రి, నేను తీస్త."

"తియ్యద్దే, తెంపాలె," అంది మా మేనత్త.

"గదేం రివాజు అత్తా! జర అక్క మొఖం చూడు."

ఎవరి మాటా వినకుండా దండను తల మీదుగా తీసేశాను. తీస్తూ నేనే బావురుమన్నాను. అక్క మాత్రం ఏడవలేదు. మెడ మీద గీత తడుముకుంటూ, నా చేతిలోని పూసల వైపు చూసింది.

"నువ్వు గట్టిగనే గుచ్చినవ్ చెల్లె," అంది. "ఆయనే ఆగలే."