ఎడమ కన్ను నాది

పెద్దమ్మ పోయిందని సోమవారం పొద్దున ఫోన్ వచ్చింది. చేసింది ఆమె కూతురు. "అమ్మ పోయింది అక్కా. నిద్రలనే పోయింది. ఎవల్నీ తిట్టకుంట పోయిందంటె నమ్ముతవా?" అని ఏడుస్తూనే నవ్వింది. నేను జల్‌పల్లిలో వాళ్ల ఇల్లు చేరేసరికి స్నానం చేయించి చాప మీద పడుకోబెట్టారు. పాతబస్తీలోని హుస్సేనీ ఆలం నుంచి మా పాత గల్లీ అంతా వచ్చి అక్కడే ఉంది. వచ్చినవాళ్లలో సగం మంది ఏదో ఒకనాడు ఆమె చేత దెబ్బలు తిన్నవాళ్లే. నేనూ తిన్నాను, రెండుసార్లు. ఆ రెండో దెబ్బ గురించి ఎక్కడో ఒకచోట రాయాలని ఇన్నేళ్లుగా అనుకుంటున్నాను. ఆమె గురించి మంచి రాయాలంటే ముందు నా గురించి చెడు రాసుకోవాలి. అందుకే ఇంత ఆలస్యమైంది.

ఆమె మాకు చుట్టం కాదు. మా నాన్న గుంటూరు నుంచి బదిలీ మీద వచ్చి హుస్సేనీ ఆలంలో ఒక పాత ఇంటి మేడ మీద అద్దెకు దిగారు. అదే వాకిట్లో వెనక గదిలో ఆమె, ఆమె కూతురు ఉండేవాళ్లు. భర్త లేడు. కాంట్రాక్టరు కింద రోడ్లు ఊడ్చే పని. తెల్లారగట్ల చీపురు భుజాన వేసుకుని పత్తర్‌గట్టి బజారు వైపు పోయేది. నల్లా దగ్గర ఎదుటివాళ్ల బిందె తన్నినవాణ్ణి, తాగొచ్చి పెళ్లాం మీద చెయ్యెత్తినవాణ్ణి, పిల్లిని గోనెసంచిలో కట్టి ఆడుకునే వెధవల్ని, అందర్నీ ఒకటే చీపురు తిరగేసి కొట్టేది. పెద్దవాళ్లు కూడా ఎదురు తిరిగేవాళ్లు కాదు. ఎందుకంటే ఆమె కొట్టిందంటే ఆ పంచాయితీ అక్కడితో ముగిసినట్టు. మా గల్లీలో అది ఎవరూ రాయని కానూను. ఆ తర్వాత ఆ తప్పు గురించి ఇంకెవరూ నోరెత్తకూడదు, ఆమె కూడా ఎత్తదు. పొద్దున కొట్టినవాణ్ణే సాయంత్రం పిలిచి చాయ్ పోసేది. "కొట్టిన గద, అయిపాయె. ఇంక దాన్ని కడుపుల వెట్టుకోని ఏం జేస్త?" అనేది.

నాకు మొదటి దెబ్బ తొమ్మిదేళ్లప్పుడు. గొడవలై కర్ఫ్యూ పెట్టారు. కర్ఫ్యూ సడలించిన రెండు గంటల్లో నేను గల్లీ చివరిదాకా పోయి, పగిలిన సోడా సీసాల్లోంచి గోలీలు ఏరుకుంటున్నాను. గౌను ఒడి నిండింది. ఒకటి ఎర్రగా, జిగటగా ఉంటే రంగు గోలీ దొరికిందని సంబరపడి గౌనుకి తుడుస్తున్నాను. చెంప మీద ఒక్కటి పడింది. చెవి గుయ్యిమంది. పెద్దమ్మ నన్ను జడ పట్టుకుని మెట్లదాకా ఈడ్చుకొచ్చింది.

మా అమ్మ కొంగు బిగించి కిందికి దిగింది. "పరాయి పిల్లని ఇలా బాదుతారా? చెంప చూడండి, ఎలా వాచిందో!"

పెద్దమ్మ నా ఒళ్లోంచి ఆ గోలీ తీసి అమ్మ అరచేతిలో పెట్టింది. "గిది ఎవని నెత్తి మీద పలిగిందో తెల్వదమ్మా. నీ బిడ్డ గౌను మంచిగ చూడు. గది రంగు గాదు."

అమ్మ ఆ గౌను నీళ్ల పొయ్యిలో పెట్టి కాల్చేసింది.

గొడవైన మర్నాడు రోడ్డు మీద పోలీసుల తర్వాత అడుగుపెట్టేది ఊడ్చేవాళ్లే. రాళ్లు, గాజు పెంకులు, ఒంటి చెప్పులు, తెగిన దండలు. "మనిషి పండ్లు గూడ ఎత్తిన బిడ్డా, చేటల" అని ఓసారి మామూలుగా చెప్పి, బియ్యంలో రాళ్లు ఏరుకుంటూ కూర్చుంది. నేను ఆ రాత్రి అన్నం తినలేదు.

నేను ఎనిమిదో తరగతిలో ఉండగా మళ్లీ అలాంటి రోజే వచ్చింది. పత్తర్‌గట్టిలో వాళ్లు ఊడుస్తూ ఉండగానే రెండు వైపుల నుంచీ మూకలు లేచాయి. ఒక సీసా దుకాణం షట్టరుకి తగిలి పేలింది. పెద్దమ్మ ఎడమ కంట్లో గాజు దిగింది. కొంగు కంటికి అదిమిపెట్టుకుని, విసిరినవాడి వెంట చీపురెత్తి నాలుగడుగులు పరుగెత్తి, అప్పుడు పడిపోయిందట. పక్కన ఊడుస్తున్న ఆమె చెప్పింది. ఆసుపత్రిలో కన్ను తీసేశారు. ఒంటి కన్నుతో ఏం ఊడుస్తావని కాంట్రాక్టరు పనిలోంచి తీసేస్తే, ఆ చీపురు అతని మొహాన కొట్టి ఇంటికొచ్చింది. అప్పట్నుంచి నాలుగిళ్లలో అంట్లు తోమేది. తెల్ల కార్డు మీద వచ్చే బియ్యమే తల్లీకూతుళ్ల తిండి.

ఇక నా ఉద్యోగం సంగతి. డిప్లొమా చేసి ఖాళీగా ఉన్న రోజుల్లో, రెండు వేల సంవత్సరం దాటిన కొన్నేళ్లకి, రేషన్ కార్డుల కోసం జనం కంటిపాపల ఫొటోలు తీయడం మొదలైంది. ఒక్క మనిషికి రెండు కార్డులు లేకుండా చూడ్డానికి. ఒక ప్రైవేటు ఏజెన్సీవాళ్లు నాకు ఓ ల్యాప్‌టాపు, దానికి వైరుతో తగిలించిన చిన్న యంత్రం ఇచ్చారు. టార్చిలైటంత ఉండేది. చేత్తో పట్టుకుని ముందు మనిషి కుడి కంటి దగ్గర, తర్వాత ఎడమ కంటి దగ్గర పెట్టాలి. పచ్చ లైటు వెలిగితే కన్ను పడినట్టు. గల్లీవాళ్లు దాన్ని దుర్భిణి అనేవాళ్లు. పరదా ఆడవాళ్లు మగవాడి ముందు నకాబు ఎత్తరు కాబట్టి పాతబస్తీలో నాలాంటివాళ్లకి ఆ పని సులభంగా దొరికింది. సంచిలో ఆ యంత్రం వేసుకుని గల్లీలో నడుస్తుంటే కలెక్టరునైనట్టే ఉండేది నాకు.

ఒక కన్ను లేనివాళ్లు వస్తే "లేదు" అని నమోదు చేయడానికి కంప్యూటర్లో చోటు ఉంది. అది తెరుచుకోవాలంటే మా సూపర్‌వైజరు వచ్చి తన పాస్‌వర్డు కొట్టాలి. నాలుగు సెంటర్లకి ఆయన ఒక్కడు. ఫోన్ ఎత్తడు. బయట ఎండలో జనం ఒకరి కాలర్ ఒకరు పట్టుకుంటూ ఉంటారు. రెండు మూడు రోజులకోసారి ఎవరిదో ఒకరి తల పగిలేది. అందుకని ఆపరేటర్లం ఓ కిటుకు పట్టాం. లేని కంటి వంతు వచ్చినప్పుడు యంత్రం మా కంటికి పెట్టుకునేవాళ్లం. పచ్చ లైటు వెలిగేది, క్యూ కదిలేది. దొంగతనం చేస్తున్నామని కాదు, ముసలివాళ్లకి సాయం చేస్తున్నామనే మా ధీమా.

సెంటరు పెట్టిన స్కూలు గదిలో నా ఎదురుగా కూర్చున్నప్పుడు పెద్దమ్మ ఒప్పుకోలేదు.

"నీ కన్ను నాకెందుకు బిడ్డా? లేదని రాసుకో. లేనిదాన్ని లేదనాలె."

"అలా రాయాలంటే సారు రావాలి పెద్దమ్మా. సాయంత్రందాకా కూర్చోవాలి."

"కూసుంట. నాకేం ఫికర్?"

వెనక జనం బెంచీలు తోస్తున్నారు. "నన్ను నమ్మవా?" అన్నాను. ఆ మాట ఆమె మీద పనిచేస్తుందని నాకు తెలుసు. ఎడమ వంతు వచ్చినప్పుడు యంత్రం నా కంటికి పెట్టుకున్నాను. ఆ సెంటర్లో ఇంకో ముగ్గురికి కూడా నా ఎడమ కన్నే ఇచ్చాను.

నాలుగు నెలలకి రేషన్ షాపు తలుపు మీద రద్దయిన కార్డుల జాబితా అంటించారు. ఆ నలుగురి పేర్లూ అందులో ఉన్నాయి. ఒకే కన్ను నాలుగు కార్డుల్లో దొరికింది కనక దొంగ కార్డులట. ఎవరికీ చెప్పలేదు. ఉద్యోగం పోతుందన్న భయం, అంతే, ఇంకే గొప్ప కారణమూ లేదు. పెద్దమ్మ నన్ను అడగలేదు. రెండు నెలలు ఆమె పొయ్యి ఒక పూటే వెలిగింది. మేడ మీద నుంచి నాకు కనిపిస్తూనే ఉండేది.

తర్వాత రద్దయిన కార్డుల విచారణకని అదే స్కూల్లో మళ్లీ క్యాంపు పెట్టారు. ఈసారి సూపర్‌వైజరు కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. నలుగురినీ నిలబెట్టి, కేసు పెట్టిస్తానని అరిచాడు. నా వైపు తిరిగి, "ఏమ్మా, ఎలా జరిగింది?" అన్నాడు.

గది నిండా జనం. "రద్దీలో చూసుకోలేదు సార్. వీళ్లే ఎవర్నో తెచ్చి కన్ను పెట్టించినట్టున్నారు" అన్నాను.

పచ్చి అబద్ధం. ఆ నలుగురిలో ఒకామె శుక్లాల ఆపరేషన్లో కన్ను పోయిన ముసలావిడ. ఆమె కొడుకు, జరీ పని చేసే అతను, ముందుకొచ్చాడు. "మా అమ్మీకు చోర్ బోల్తీ? దొంగనా మా అమ్మ?"

అతని కన్నా ముందే పెద్దమ్మ నన్ను చేరింది. చెంప పగిలేటట్టు కొట్టింది. నా పెదవి చిట్లి రక్తం ఫారాల మీద పడింది. ఆ దెబ్బతో గదంతా లేచింది. ల్యాప్‌టాపు నేలకేసి కొట్టారు. బెంచీ విరిగింది. సూపర్‌వైజరు కిటికీలోంచి దూకబోయి చిక్కుకున్నాడు. ఎవరో నా జడ చేతికి చుట్టుకుని గుంజారు, ఎవరిదో మోకాలు నా డొక్కలో దిగింది. నేలమీద పడ్డాను. కాళ్లు, చెప్పులు, ఆ పైన జరీ పని అతను రెండు చేతులా ఎత్తిన ఇనప కుర్చీ. చచ్చాననే అనుకున్నాను.

కుర్చీ దిగింది. కట్టె విరిగిన చప్పుడు విన్నాను. అది పెద్దమ్మ కుడి చెయ్యి. నా మీద వంగి అడ్డం పెట్టింది. విరిగిన చెయ్యి వేలాడుతుండగానే లేచి, ఎడమ చేత్తో అతని మొహాన ఒక్కటిచ్చింది. తర్వాత గదినంతా ఒంటి కంటితో చూసి అరిచింది.

"నేను గొట్టిన! సూడలేదా? నేను గొట్టినంక అయిపాయె. ఇంకెవడన్న చెయ్యి లేపితె తోలు దీస్త!"

గది ఆగింది. నిజంగా ఆగింది. మా గల్లీ కానూను అది. అతని చేతుల్లోంచి కుర్చీ జారిపోయింది. ఆమె నా వైపు వంగి, అరవకుండా, "ఇగ జెప్పు" అంది.

కిటికీలోంచి ఊడదీసి తెచ్చిన సూపర్‌వైజరు ముందు, అందరూ వినేట్టు చెప్పాను. "ఎడమ కన్ను నాది సార్. నలుగురిదీ నాదే." నోట్లో రక్తంతో మాట సరిగా రాలేదు. మళ్లీ చెప్పమన్నాడు. మళ్లీ చెప్పాను. కాగితం మీద రాసి సంతకం పెట్టాను. ఆ మధ్యాహ్నమే ఉద్యోగం పోయింది. కొన్ని వారాలకి నాలుగు కార్డులూ తిరిగొచ్చాయి. పెద్దమ్మ చెయ్యి మళ్లీ పూర్తిగా చాచడం కుదరలేదు. తర్వాత ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా ఆ రోజు మాట నా దగ్గర ఎత్తలేదు. పెట్టుబడి లేని క్షమ అది అని ఎవరైనా అనుకుంటే, ఆమె చేతి ఎముకని అడగమంటాను.

ఆస్పత్రికి ఆటో పిలుచుకొచ్చింది ఆ జరీ పని అతనే. ముందు డ్రైవరు పక్కన ఒరిగి కూర్చుని, వెనక్కి తిరిగి చూడకుండా ఏడుస్తున్నాడు. నేనూ ఏడుస్తున్నాను. పెద్దమ్మ ఏడవలేదు. విరిగిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని నా తల వైపు చూసింది. జడ ఊడిపోయి, జుట్టు రక్తానికి అట్టకట్టి ఉంది.

"గిట్ల వోతె మీ అమ్మ గుండె వల్గుతది. అటు తిరుగు" అంది.

ఎడమ చేతి వేళ్లతో చిక్కు తీసింది. ఒంటి చేత్తో జడ రాదు. అందుకని రెండు పాయలు నన్ను వెనక్కి చేతులు పెట్టి పట్టుకోమంది, మూడోది తను పట్టుకుంది. ఆమె పాయ దాటిస్తే నేను ఒకటి వదిలి ఇంకోటి అందుకోవాలి. ఆటో గుంతల్లో పడ్డప్పుడల్లా ఆమె గొంతులో ఓ మూలుగు వినపడేది, చేతిలో పాయ మాత్రం జారేది కాదు. అలా చివరిదాకా అల్లాం. కట్టడానికి రిబ్బను లేదు. చీర కొంగు అంచు పళ్లతో చీల్చి, ఆ పేలిక నా భుజం మీదుగా అందించింది.

"ముడి నువ్వెయ్యి" అంది.