తీతువు గుడ్లకు నా కాపలా

నిన్న ఒక పిట్ట నా జుట్టుముడి ఊడగొట్టింది చూడండి! తప్పు పిట్టది కాదు.

కె.ఆర్.పురంలో మా ఇంటి వెనకంతా గులకరాళ్ళ బయలు. ఒకప్పుడు అక్కడ తీతువులు గుంపులుగా తిరిగేవట. యుద్ధానికి మిలిటరీ షెడ్లు లేచాక ఒక్క జంటే మిగిలింది. ఆ తల్లి నేలమీదే, రాళ్ళ మధ్య నాలుగు గుడ్లు పెట్టింది. మొన్న వీధికుక్క వచ్చి ఒక గుడ్డు మింగేసింది.

"పోతే పోనీలే. తీతువు కూత ఇంటికి మంచిది కాదు" అంది మా అత్త.

మూఢనమ్మకాల మీద ఆమెకో ఉపన్యాసం ఇచ్చాను. ఇచ్చి ఊరుకున్నానా? నిన్న పొద్దున తల్లి అలా మేతకు లేవగానే కోళ్ళగంప తీసుకెళ్ళి గుడ్లమీద బోర్లించి, పైన రాయి పెట్టాను. ఇక కుక్కను రమ్మనండి!

తర్వాత వసారాలో కూర్చుని పత్రికకు రాసిన వ్యాసం అత్తకు చదివి వినిపిస్తున్నాను. ఆమె ఆక్షేపించకుండా నా వాక్యం ఏదీ ఇల్లు దాటదు.

"కాపాడతామంటూ ఆడవాళ్ళను మూసిపెట్టే మగవాళ్ళారా! మూసేముందు వాళ్ళను ఒక్కమాట అడిగారా?"

బయట తీతువు గొంతు చించుకుంటోంది.

"వినండత్తా, కుక్కను తరుముతోంది!"

"యా కుక్క? పొద్దన్నుంచీ అది గంప చుట్టూ తిరగతా ఉండాది. కోడిని మూసినట్ల మూసేస్తివి. ఈ ఎండకు గుడ్లు ఉడికిపోవా? తల్లి లోపలికి ఎట్ల పోవల్ల? నువ్వు అడగకపోయినా అది నిన్ను అడగతానే ఉండాది కదమ్మా!"

చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తాను. గంప ఎత్తానో లేదో, తల్లి ఒకవైపు నుంచి, తండ్రి ఒకవైపు నుంచి! ముడి ఊడింది, కళ్ళద్దాలు ఎగిరిపోయాయి. ఆ గంపే నెత్తిన బోర్లించుకుని ఇంట్లోకి వచ్చి పడ్డాను.

కిటికీలోంచి చూస్తే, తల్లి మెల్లగా నడిచి వెళ్ళి గుడ్లమీద కూర్చుంది. అప్పటికి గానీ నాకు ఊపిరి ఆడలేదు.

సాయంత్రం ముళ్ళకంప లాక్కొచ్చింది ఎవరనుకున్నారు? కూత మంచిది కాదన్న అత్తే! "కుక్క దూరకూడదు, పిట్ట నడిచి పోవల్ల. అట్ల పరచు" అంటూ దగ్గరుండి నాచేత గుడ్ల చుట్టూ వేయించింది.

ఇవాళ వ్యాసం పోస్టులో వేసే ముందు 'మగవాళ్ళారా' అన్నమాట కొట్టేసి 'పెద్దమనుషులారా' అని దిద్దాను. అందులోనైతే నేనూ పడతాను కదా!