రొయ్య తలకాయలు ఎవరి వాటా?

మా చిన్నప్పుడు... ఆదివారం రొయ్యల కూర వండిన రోజున తలకాయలన్నీ నాన్న నా కంచంలోకే ఎందుకు వేసేవారు? ఇష్టంతోనా... వదిలించుకోవడానికా? ఇన్నేళ్ళుగా ఈ ప్రశ్న నాతోనే ఉంది. మొన్నటిదాకా జవాబు తెలుసనే అనుకున్నాను.

కాకినాడలో వంటింటి గడప పక్కనే పీటలు వేసుకుని కూర్చునేవాళ్ళం. నాన్నకి అటు అక్క, ఇటు నేను. పెద్ద రొయ్యలు, పొట్టుతోనే వండిన కూర... నాన్న ఒక్కో తల విరిచి నా స్టీలు కంచంలో పెట్టేవారు. నేను జుర్రుతుంటే పులుసు మోచేతి దాకా కారేది. "అసలు రుచంతా అందులోనే ఉందే" అని ఆయన ఒక్కసారైనా అన్నారా? అన్నట్టే గుర్తు...

నాన్న పోయాక ఆ సంగతి ఇక్కడే పోస్టు రాశాను. చాలామంది లవ్ గుర్తులు పెట్టారు. అక్క మాత్రం చదివి ఊరుకుంది.

ఎందుకు ఊరుకుందో పోయిన ఆదివారం తెలిసింది.

అమ్మ కాకినాడ నుంచి మేముంటున్న ఈ దేశం వచ్చి, బోటనీ డౌన్స్ అనే పేటలో అక్క దగ్గర ఉంటోంది. నేనుండేది అదే ఊళ్ళో ఇంకో మూల, మనురేవాలో. అమ్మ పుట్టినరోజని సిటీలో నీటి ఒడ్డున ఉన్న ఒక స్పానిష్ సీఫుడ్ రెస్టారెంట్‌లో మధ్యాహ్నం భోజనానికి అక్క టేబుల్ బుక్ చేసింది. ముగ్గురమే.

వెడల్పాటి ఇనప మూకుడు తెచ్చి మధ్యలో పెట్టారు. పసుప్పచ్చటి అన్నం, ఆల్చిప్పలు, పైన తలకాయలతో సహా రొయ్యలు. వెయిటర్ గరిటెతో అడుగు గీకి, మాడిన పొర పైకి తీసి, ఇదే అన్నిటికన్నా రుచి అన్నాడు.

"అడుగంటించి పైగా చూపిస్తున్నాడేంటే!" అంది అమ్మ.

"అది అలాగే ఉండాలమ్మా" అన్నాను.

"మరి నేను అడుగంటిస్తే మీ నాన్నగారు రెండ్రోజులు మాట్లాడేవారు కాదు?"

నేను నవ్వాను. అక్క నవ్వలేదు. ఒక రొయ్య తల విరిచి నా ప్లేటులో పడేసింది. ఇంకోటి... మరోటి...

"తిను. నీకు ప్రేమతో పెట్టేవి ఇవేగా. పోస్టులో రాశావుగా."

"ఏంటక్కా ఇప్పుడు?"

"నాన్న నాకు ఒలిచి పెట్టేవారు. ఆ ముళ్ళు ఆయన గోళ్ళల్లో దిగేవి. అది రాయలేదే? నాకు ఒలవగా మిగిలిన తలకాయలు నీ కంచంలోకొచ్చేవి. చెత్త పక్కకి తోస్తే దానికో కథ అల్లుకున్నావు. దానికి లైకులు కూడానూ!"

"ఒలిచిపెడితే తప్ప నువ్వు ముట్టేదానివి కాదు కాబట్టి..."

"ఔను, అలిగేదాన్ని. నువ్వు ఏది పడేస్తే అది తినేదానివి. అందుకే నీకు పడేసేవారు."

పక్క టేబుల్ దగ్గరి ఈ దేశపు కివీ జంట మాటలు ఆపేసి ప్లేట్లలోకి చూస్తూ కూర్చున్నారు. పోట్లాట అర్థం కావడానికి తెలుగు రానక్కర్లేదు.

నాన్న వెనక సైకిల్ ఎక్కింది అక్క. ఆయన పక్కన కూర్చుని లెక్కలు నేర్చుకుంది అక్క. నాకంటూ మిగిలింది ఆ తలకాయలే... వాటినీ లాక్కుంటోంది. ఆ క్షణంలో అక్కంటే అసహ్యం వేసింది. దాచడం ఎందుకు, ఇప్పటికీ పూర్తిగా పోలేదు.

"అమ్మా, నువ్వు చెప్పు" అన్నాను.

అమ్మ ఇద్దరినీ ఒకసారి చూసింది. "ఆయనకి తలకాయలంటే ప్రాణం. తను తినకుండా దీనికి వేసేవారు. చాలా? ఇంక తినండి, చల్లారిపోతోంది."

అక్క ప్లేటు వెనక్కి తోసేసింది. నేను గెలిచాను... ఆ గెలుపు కాఫీ వచ్చేదాకా కూడా నిలవలేదు.

ఎందుకంటే మా అమ్మ తీర్పుల సంగతి నాకు తెలుసు. చిన్నప్పుడు మేమిద్దరం కొట్టుకుంటే, ఎవరి కళ్ళలో ముందు నీళ్ళు కనిపిస్తే వాళ్ళదే నిజమనేది. ఆనక రెండోదాన్ని పెరట్లోకి పిలిచి, నోట్లో బెల్లంముక్క పెట్టి, "నువ్వన్నదే కరెక్టులే, అది ఏడుస్తోందని అలా అన్నాను" అనేది. ఆ బెల్లం అక్కా తింది, నేనూ తిన్నాను.

ఆదివారం ముందు నీళ్ళు తిరిగింది నా కళ్ళలోనే.

కార్ పార్కులో అమ్మ అక్క కారెక్కింది. అద్దం వెనక అక్క వైపు ఒరిగి ఏదో చెప్పింది. బిగుసుకుపోయిన అక్క మొహం మెల్లగా వదులైంది. నా వైపు చెయ్యి కూడా ఊపకుండా కారు తిప్పుకుని వెళ్ళిపోయింది.

అప్పట్లో ఎంత తన్నుకున్నా ఒకే దోమతెరలో, ఒకరి మీద ఒకరం కాళ్ళేసి పడుకునేవాళ్ళం. ఇప్పుడు మోటర్‌వే మీద తన ఎగ్జిట్ వేరు, నాది వేరు...

వచ్చే వారం అమ్మ మా ఇంటికొస్తుంది. కార్లో ఏం చెప్పావని అడగొచ్చు. అడిగితే నాకేది కావాలో అదే చెబుతుంది. మీ ఇళ్ళల్లో ఇలాంటి తగువులు ఎవరు తీర్చేవారు? పెద్దయ్యాక కూడా వాళ్ళ మాట నమ్మగలిగారా? రాయండి, చదువుతాను.

నాన్న నాకు పెట్టారో, పడేశారో... నాకింకా తేలలేదు.