వీసీ ఎక్కిన పుంగనూరు బస్సు

శాంతిపురం దగ్గర గొర్రెలు మేపుకునే మునెప్ప కూతురు సుమతి. కుప్పంలో ఇంటరు, బెంగళూరులో ఇంజనీరింగు, ఆపైన కంప్యూటర్ సైన్సులో డాక్టరేటు. ఆమె పరిశోధన క్యూల మీద. నెట్‌వర్కులో సమాచారం ఎక్కడ ఆగిపోతుంది, ఆగకుండా ఎలా పంపాలి అన్నదే ఆమె పని. ఇదంతా తల్లికి వివరించి చెబితే, "కాసుకోని ఉండేదానికి గూడా సదువు ఉండాదా అమ్మా?" అని మునెమ్మ నవ్వింది.

చాలా ఏళ్లు పాఠాలు చెప్పాక, మదనపల్లె శివార్లలోని ఒక విశ్వవిద్యాలయానికి ఆమెను వైస్ చాన్సలర్‌ని చేశారు. మొదటి వారమంతా సంతకాలే. కీబోర్డుకి అలవాటుపడ్డ వేళ్లు పెన్ను పట్టుకుని నొప్పెట్టాయి. అలా సంతకం పెట్టినవాటిలో ఒక పాత నిబంధన కూడా ఉంది: ఎనిమిదిన్నర దాటితే గేటు మూసేయాలి. ఆలస్యంగా వచ్చినవాళ్లు మొదటి పీరియడు అయ్యేదాకా బయటే.

నెల తిరిగేసరికి, పొద్దున క్లాసులు సగం ఖాళీగా ఉంటున్నాయని లెక్చరర్లు చెప్పారు. పుంగనూరు వైపు పిల్లలైతే కనబడడమే లేదట. రిజిస్ట్రారు ఉమాపతిని అడిగితే, వాళ్లకి బద్ధకం అన్నాడు. సుమతికి నమ్మబుద్ధి కాలేదు. మర్నాడు పొద్దున్నే కారులో పుంగనూరు వెళ్లి, డ్రైవరుని వెనక్కి పంపేసి బస్టాండులో నిలబడింది.

మొదటి బస్సులో కాలు పెట్టే చోటు లేదు. రెండోదాంట్లో ఎలాగో ఎక్కింది. పక్కన నిలబడ్డ భవ్య అనే సెకండియర్ అమ్మాయి, ఆమె ఎవరో తెలియకుండానే, సుమతి చేతిలోని బ్యాగు అందుకుని సీట్లో ఉన్నావిడ ఒళ్లో పెట్టించింది.

"ఈడ ఎవురి బ్యాగయినా ఎవురయినా పట్టుకుంటారు మేడమ్, మొగమాటం వద్దు," అంది.

యూనివర్సిటీకి చేరేసరికి తొమ్మిది కావస్తోంది. మూసిన గేటు ముందు పిల్లల మధ్య వీసీని చూసిన వాచ్‌మన్ గిరిబాబు, కంగారుగా వచ్చి ఆమె కోసం చిన్న గేటు తీయబోయాడు.

"వీళ్లూ నేనూ ఒకే బస్సులో వస్తిమి. తీస్తే అందరికీ తియ్యప్పా," అంది సుమతి.

బస్సులో తన పక్కన నిలబడింది వీసీ అని తెలిసి భవ్య ఒక స్నేహితురాలి వెనక్కి జరిగింది.

మధ్యాహ్నం సమావేశంలో, ఇలా అందరికీ గేటు తీసేస్తే క్రమశిక్షణ ఏం కావాలని ఉమాపతి అడిగాడు. సుమతి వాదించలేదు. రేపు తనతో పుంగనూరు రమ్మంది. వెళ్లొచ్చాక ఆయన చొక్కాకి ఒక గుండీ లేదు. కొత్త టైంటేబులు ఆయనే రాశాడు. మొదటి పీరియడు తొమ్మిదిన్నరకి మారింది.

క్లాసులు ఆలస్యంగా వదలడంతో సాయంత్రం ఇంటికి చేరేసరికి చీకటి పడుతోందని ఇప్పుడు పెద్దతిప్పసముద్రం వైపు పిల్లలు గోల పెడుతున్నారు. అటు వెళ్లే ఆఖరి బస్సు ఎన్నింటికో సుమతి కనుక్కుంటోంది.